చెరువు లెక్క ఎవరి నోట నున్నది?

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదు సంవత్సరములు ఒక పల్లెలో గ్రంథాలయపు తలుపు తెరచియుండుట చిన్న విషయము కాదు. బొగ్గుబావిలో షిఫ్టు ముగించి, మసి కడుగుకొని, ఇంటికి పోవుటకు ముందే వార్తాపత్రిక కొరకు ఇచ్చటికి వచ్చు పాఠకులున్న ఊరు మన కాసిపేట. అట్టి పాఠకుల యెదుట మాట్లాడు అవకాశ మిచ్చినందులకు కృతజ్ఞుడను.

పుస్తకములను గూర్చి మాట్లాడుడని నన్ను పిలిచిరి. నేను చేపలను గూర్చి మాట్లాడ నెంచితిని. ఇది విషయాంతరమని మీకు తోచవచ్చును. కాని మన గ్రంథాలయోద్యమమునకును నీటికిని పూర్వ పరిచయము కలదు. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువపై పడవలో గ్రంథాలయమును నడిపించిరి. ఆనాడు పుస్తకము నీటిమీద ప్రయాణము చేసి పల్లెను చేరినది. నీటిలోని విద్యను గ్రంథాలయమునకు చేర్చు పని మాత్రము నేటికిని మిగిలియున్నది. ఆ పనిని గూర్చియే నా మనవి.

మనది లెక్కకు అలవాటు పడిన ప్రాంతము. బావినుండి వెలువడు ప్రతి టన్ను బొగ్గునకును లెక్క కలదు. ఏ షిఫ్టులో, ఏ పనిస్థలమునుండి వచ్చినదో కాగితముమీద దొరకును. మన చెరువునుండి సంవత్సరమునకు ఎన్ని గంపల చేప వెలువడుచున్నదని ఎవరినైన అడుగుడు. సమాధానము రాదు. చెరువులో వేసిన చేపపిల్లల లెక్క దొరకును. 2016 నుండి తెలంగాణ ప్రభుత్వము చెరువులకు ఉచితముగ చేపపిల్లలను పంపిణీ చేయ మొదలిడినది. ఏటేట ఎండిపోవు చెరువులకు ముప్పదియైదు నుండి నలువది మిల్లీమీటర్ల పిల్ల, ఏడాది పొడుగున నీరుండు చెరువులకును జలాశయములకును ఎనుబది నుండి నూరు మిల్లీమీటర్ల పిల్ల అను నియమ ముండెను. పిల్లలను దించునాడు సంతకములు, ఛాయాచిత్రములు అన్నియు నుండును. బయటకు వచ్చిన చేపకు సంతకము లేదు.

పిల్లలను ఏటేట ఎందుకు వేయవలెనో తెలియనివారికి ఒక మాట. బొచ్చె, రవ్వ, మృగాల అను మూడు జాతులు నిలువ నీటిలో పెరుగును గాని గ్రుడ్డు పెట్టవు. వానికి పారు వరద కావలెను. 1957 జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురీగారు పీయూష గ్రంథి రసమును సూదిమందుగ నెక్కించి ఈ జాతి చేపలచేత గ్రుడ్లు పెట్టించిన తరువాతనే నదులలో పిల్లలను ఏరుకొను అగత్యము తగ్గినది. కావున చెరువులోని బొచ్చె మనము నాటిన పైరు వంటిది. కొర్రమట్ట అట్లు కాదు. అది చెరువులోనే గడ్డిమాటున గూడు కట్టి పిల్లలను పెట్టును. ఎఱ్ఱని గుంపుగ నీటిపైకి వచ్చు ఆ పిల్లలను తల్లిదండ్రులు కావలి కాయును. దానిని మన రాష్ట్రపు చేపగ ప్రకటించినారు గాని, మన చెరువులలో అది పెరుగుచున్నదో తరుగుచున్నదో చెప్పు కాగితము మన యొద్ద లేదు. వాలుగ, జెల్ల, మార్పు, బొమ్మిడాయి, పరకలకు ఆ మాత్రపు గౌరవమును లేదు. పేదవాని కంచములోనికి వచ్చునవి ఇవియే.

లెక్క లేకపోవుటకు ఎవరి సోమరితనమును కారణము కాదు. సముద్రతీరమున పడవలు ఒక రేవునకు చేరును. గుమాస్తా అచ్చట నిలిచి వ్రాసికొనవచ్చును. చెరువునకు రేవు లేదు. ఒకడు లారీ ట్యూబుమీద తెల్లవారుజామున తూము దగ్గర ఒడ్డెక్కును. ఇంకొకడు పుట్టిలో అవతలి గట్టునకు పోవును. మూడవవాడు పట్టిన దానిని గట్టుమీదనే అమ్మి, మిగిలినది ఇంటి కూరకు పంపును. ఇన్ని గట్లమీద ఇందరు గుమాస్తాలను ఏ ప్రభుత్వమును నిలుపజాలదు. లెక్క చెరువు గట్టుమీద లేదు. గంగపుత్రుల, బెస్తల, ముదిరాజుల నోట నున్నది. దానిని అడిగి తెలిసికొనవలెను. అడుగుట ఒక విద్య.

ఆ విద్య నాకు రాదని మొదట నాకు తెలియలేదు. నేను ఉపాధ్యాయుడను. కొన్ని సంవత్సరముల క్రిందట బడి పిల్లలచేత పరిసరముల వివరములు వ్రాయించుచు, ఒక చెరువు గట్టునకు కాగితముల కట్టతో పోయితిని. వలలు ఆరవేసికొను పెద్దలను "సంవత్సరమునకు ఎన్ని కిలోలు పట్టుదురు?" అని అడిగితిని. ఎవరును పలుకలేదు. కొంతసేపటికి ఒక వృద్ధుడు వల కుట్టుట ఆపకుండనే, "సారూ, గీ లెక్క రాసుకపోయి ఏం జేస్తరు? గుత్త పెంచుతరా?" అనెను.

ఆ ప్రశ్నకు నా యొద్ద సమాధానము లేదు. ఇంటికి వచ్చి ఆలోచించిన కొలది ఆయన ప్రశ్నయే నా ప్రశ్నకంటె శాస్త్రీయమైనదని తోచినది. పట్టుబడి ఎక్కువని చెప్పినచో చెరువు గుత్తకు పోటీ పెరుగునని భయము. తక్కువని చెప్పినచో వచ్చు ఏడు చేపపిల్లలు తగ్గునని భయము. ఇన్ని భయముల నడుమ నిజము చెప్పుమని అడుగుటకు నేను ఎవరిని? పైగా సంవత్సరపు కిలోలు ఎవరి జ్ఞాపకములోను ఉండవు. మీలో ఎవరైన సంవత్సరమునకు ఎన్ని కప్పుల చాయ త్రాగితిరో చెప్పగలరా?

అడుగుటలో తప్పుచేసినవాడను నేనొక్కడనే కానని తరువాత చదివి తెలిసికొంటిని. మద్రాసు సైన్యములో వైద్యుడుగ నుండిన ఫ్రాన్సిస్ డే అను ఆంగ్లేయుడు 1873లో భారతదేశపు, బర్మా దేశపు మంచినీటి చేపలను గూర్చి ఒక పెద్ద నివేదిక ప్రకటించెను. అందుకొరకు ఆయన జిల్లాల అధికారులకును తాసిల్దారులకును ప్రశ్నలు పంపి సమాధానములు తెప్పించెను: ఏ చేపలు దొరకును, వల కన్ను ఎంత సన్నము, పిల్ల చేపలను పట్టుచున్నారా, సంతకు చాలినంత వచ్చుచున్నదా అని. దేశమంతట అడిగి వ్రాయుట గొప్ప పనియే. ఆయన గ్రంథములలో చేపల తెలుగు పేర్లు నేటికిని కనబడును. కాని తాసిల్దారును అడిగినచో తాసిల్దారు సమాధానమే వచ్చును. వల పట్టినవాని సమాధానము రెండు చేతులు మారి వచ్చునప్పటికి మారిపోవును. 1897లో వచ్చిన మత్స్య చట్టము మందుగుండును విషమును నిషేధించినది. అది అవసరమే. అయినను ఏ మడుగును ఏ కార్తెలో విడిచిపెట్టవలెనో చెప్పగలవాడు ఆ చట్టము వ్రాసిన గదిలో లేడు. ఇటుపిమ్మట 1940 ప్రాంతములలో ఎం. రహీముల్లాగారు హైదరాబాదు రాష్ట్రపు చేపజాతులను నమోదు చేసి బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘ పత్రికలో ప్రకటించిరి. దానివలన జాతుల పేర్లు నిలిచినవి.

అడుగుటలో జయము పొందినవారును కలరు. పసిఫిక్ మహాసముద్రములో పలావు అను చిన్న దీవుల దేశము కలదు. రాబర్ట్ జొహానెస్ అను శాస్త్రజ్ఞుడు అచ్చటి వృద్ధ మత్స్యకారులతో నెలల తరబడి కూర్చుండి, ఏ చేప ఏ నెలలో, ఏ తిథినాడు గ్రుడ్డుపెట్టుటకు గుంపుగ చేరునో అడిగి వ్రాసికొనెను. 1981లో ఆ గ్రంథము వెలువడినది. చంద్రగతిని బట్టి గ్రుడ్డుపెట్టు చేపజాతులు ప్రపంచ శాస్త్రజ్ఞులందరు కలిసి అప్పటికి నమోదు చేసిన వానికంటె రెండింతలకు పైగా ఆ దీవులవారి నోట నుండెను. మెకాంగు నదిమీద లావోసు, కంబోడియా, థాయిలాండు, వియత్నాము దేశములలో వందలాది మత్స్యకారులను ఒకే తీరు ప్రశ్నలతో అడిగి, ఏ చేప ఎప్పుడు ఎగువకు పోవును, ఎచ్చటి లోతు మడుగులో వేసవిని గడుపును అను పటమును 2000 సంవత్సరమునాటికి సిద్ధము చేసిరి. అంత పెద్ద నదికి వలలు వేసి పరిశోధించి ఆ పటము గీయవలెనన్నచో ఎన్ని తరములు పట్టునో!

అయితే మన కాసిపేట ప్రాంతములో ఎట్లు అడుగవలెను? ఆ వృద్ధుని యొద్ద భంగపడిన తరువాత నేను మెల్లగ నేర్చుకొన్న దానిని చెప్పెదను.

కాలమును కార్తెలలో అడుగవలెను. జూను, జూలై యనిన తడబడువాడు మృగశిర, ఆరుద్ర, పునర్వసు అనిన తడబడడు. కార్తె పదుమూడు, పదునాలుగు దినములది; కొలతకు అంతకంటె చక్కని గడి దొరకదు. ఏ కార్తెలో వాగునుండి కొత్తనీరు చెరువులోనికి వచ్చును, ఆ నీటికి ఎదురెక్కు చేప ఏది, ఏ కార్తెలో కొర్రమట్ట పిల్లల ఎఱ్ఱగుంపు కనబడును — ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పుటకు పోటీపడుదురు. గతమును సంవత్సరములతో గాక సంఘటనలతో అడుగవలెను. 1986 ఆగస్టులో వచ్చిన గోదావరి వరద, 2022 జూలైలో కడెము జలాశయము పొంగి మంచిర్యాల వీధులు మునిగిన వరద, ఎల్లంపల్లి కట్టకముందు, కట్టిన తరువాత — ఈ గుర్తులను నాటినచో జ్ఞాపకము వాని చుట్టు అల్లుకొనును.

పాళ్ళను చింతగింజలతో అడుగవలెను. నూరు గింజలు నేలమీద పోసి, "మీ తండ్రిగారి కాలములో వలలో పడిన చేప ఇంత యనుకొనుడు; ఇందులో కొర్రమట్ట ఎంత, జెల్ల ఎంత, పరక ఎంత, కుప్పలు వేయుడు" అనవలెను. పిమ్మట నేటి కుప్పలు వేయించవలెను. అక్షరము రానివానికిని గింజ చేతికి వచ్చును. ఒకడు వేసిన కుప్పను ఇంకొకడు "కాదు" అని సవరించును. ఆ తగవే మనకు కావలసినది. ఒక్కనిని ఇంటిలో కూర్చుండబెట్టి అడిగినచో ఈ సవరణ రాదు. చెరువు పటమును ముగ్గుపిండితో నేలమీద గీయింపవలెను. తూము, మత్తడి, లోతు, గడ్డి, వేసవిలో చివరివరకు నీరు నిలుచు గుంత, గని నీరు వాగులో కలియు చోటు అన్నియు అందులోనికి వచ్చును. ఆ చోట చేప పూర్వమెట్లున్నది, నేడెట్లున్నది యని అడుగవలెను. మనము ముందుగ ఏ సమాధానమును ఊహించి పోరాదు.

స్త్రీలను వేరుగ కూర్చుండబెట్టి అడుగవలెను. ఇది నాకు ఆలస్యముగ తెలిసిన సంగతి. పట్టువాడు పురుషుడు కావచ్చును గాని సంతలో గంప దించి అమ్మునది ఆయన భార్య. చేప సైజు ఏ ఏట తగ్గినదో, ఏ జాతికి బేరమాడువారు మాయమైరో, తిలాపియా ఎప్పుడు గంప అడుగునుండి గంప పైకి వచ్చినదో ఆమెకు తెలిసినంత ఎవరికిని తెలియదు. సభలో పురుషుల నడుమ ఆమె నోరు విప్పదు.

ఇక కిలోలు. సంవత్సరమును అడుగక నిన్నటిని అడుగవలెను. మంచిదినమున ఎంత, చెడుదినమున ఎంత, మామూలు దినమున ఎంత, కార్తెలో ఎన్ని దినములు నీటిలో దిగుదురు, ఎందరు దిగుదురు. ఊరకే ఉదాహరణకు ఒక చెరువును ఊహింతము. ఇరువదిమంది, నెలకు ఎనిమిది దినములు, మామూలు దినమునకు మూడు కిలోలు: నెలకు 480 కిలోలు. అయిదు నెలలకు 2,400 కిలోలు. చేప ఒక్కొక్కటి కిలో తూగినచో 2,400 చేపలు. ఆ చెరువులో ఇరువదివేల పిల్లలను దించియుండినచో నూటికి పన్నెండు మాత్రమే తిరిగి వచ్చినవి. తక్కినవి ఏమాయెను? పిల్ల మరీ చిన్నదై వాలుగకు ఆహార మాయెనా? మత్తడి దుమికిననాడు జాలి లేక దిగువకు కొట్టుకొనిపోయెనా? ఆలస్యముగ దించుటచేత పెరుగుటకు కాలము చాలలేదా? వల కన్ను రెండు వ్రేళ్లకు తగ్గి అరకిలోకు రాకముందే పట్టితిమా? ఈ నాలుగు ప్రశ్నలకు నాలుగు వేరు వేరు మందులు కలవు. లెక్క లేనిచో నాలుగింటికిని ఒకే మందు వేయుచున్నాము: ఇంకను ఎక్కువ పిల్లలను పంపుడని అర్జీ.

నోటిమాటకు దోషములు లేవని నేను చెప్పను. జ్ఞాపకములోని చేప నీటిలోని చేపకంటె పెద్దది. మా తాతగారు పట్టిన వాలుగ నేను విన్న ప్రతిసారియు ఒక జానెడు పెరుగుచుండెను. ఇంతకంటె సూక్ష్మమైన దోష మింకొకటి కలదు. దానిని డేనియల్ పాలీ అను మత్స్యశాస్త్రజ్ఞుడు 1995లో ఎత్తిచూపెను. ప్రతి తరము తన బాల్యములో చూచిన దానినే సహజస్థితి యనుకొనును. అంతకుముందు పోయిన దానిని పోయినదని ఎరుగదు. ఇరువది యేండ్ల యువకుని అడిగినచో చెరువు బాగుగనే యున్నదనును. అందుచేత మూడు తరములవారిని వేరు వేరుగ అడిగి ప్రక్క ప్రక్కన వ్రాయవలెను. డెబ్బది యేండ్లు దాటినవారిని ముందు అడుగవలెను. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైనది. దానికి పూర్వము పులస ఎగువకు ఎచ్చటివరకు ఎక్కెడిదో కళ్లార చూచినవారు నేడు ఎవరు మిగిలిరి?

మన గోదావరియు మన కండ్ల యెదుటనే మారినది. పోచంపాడు వద్ద శ్రీరామసాగరమునకు 1963లో శంకుస్థాపన జరిగినది. ఎల్లంపల్లి వద్ద ఇరువది టి.ఎం.సి.ల నీరు నిలుచు జలాశయ మేర్పడినది. దానికి దిగువన సుందిళ్ల, అన్నారము, మేడిగడ్డ బ్యారేజీలు 2019లో వాడుకలోనికి వచ్చినవి. 2023 అక్టోబరులో మేడిగడ్డ వంతెన స్తంభములు కుంగిన పిమ్మట అచ్చటి నీటిని వదలివేసిరి. పారు నీరు నిలువ నీరాయెను. మరల కొంతమేర పారు నీరాయెను. పారు నీటి చేపకును నిలువ నీటి చేపకును ఈ నాలుగేండ్లలో ఏమి జరిగినదో తీరవాసులకు తెలియును. అయిదారేండ్లు గడచినచో ఈ జ్ఞాపకమును మసకబారును.

చట్టము ఈ పనికి అడ్డు రాదు; తోడ్పడును. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి స్థానిక సంస్థ ఒక సంఘమును నియమించి, ప్రజలను సంప్రదించి, ప్రజా జీవవైవిధ్య పట్టికను వ్రాయించవలెను. అందులో చేపలకును నీటి వనరులకును చోటు కలదు. జాతీయ హరిత న్యాయస్థానము 2020 జనవరి 31ని గడువుగ పెట్టినప్పుడు దేశమంతట ఈ పట్టికలు త్వరత్వరగ తయారైనవి. గడువు కొరకు వ్రాసిన పుస్తకమునకును, గట్టుమీద కూర్చుండి వ్రాసిన పుస్తకమునకును గల భేదము మీకు నేను చెప్పనక్కరలేదు. మన పట్టికను అడిగి తెప్పించుకొని చదువుడు. చేపల పుటలో ఏమున్నదో చూడుడు. ఖాళీలు కనబడినచో నింపు హక్కు మనకు కలదు.

మరల ఆ వృద్ధుని ప్రశ్నకు వచ్చెదను. "గుత్త పెంచుతరా?" ఈ ప్రశ్నకు సమాధానము చెప్పకుండ ఒక్క అంకెయు వ్రాయరాదని నా నిశ్చయము. అందుకు నాకు తోచిన మార్గమిది. పుస్తకము అధికారి బీరువాలో నుండరాదు, నా ఇంటిలో నుండరాదు. ఈ గ్రంథాలయములో నుండవలెను. వ్యక్తుల పేర్లు అందులో వ్రాయరాదు. చెరువు పేరు, కార్తె, చేప, వల మాత్రమే. వ్రాసినది ప్రతియు అదే గట్టునకు తీసికొనిపోయి చదివి వినిపించవలెను. చెప్పినవారు "కొట్టివేయుడు" అన్నచో కొట్టివేయవలెను. కొర్రమట్ట గూళ్ల చోట్లు, వేసవి మడుగుల చోట్లు పరాయివారి కంటబడిన మరునాడే కరెంటు తీగలతోను మందుగుండుతోను వచ్చు దుర్మార్గులు లేకపోలేదు. కావున ఆ పుటలు సహకార సంఘమువారి అనుమతితోనే తెరువవలెను. పుస్తకము నకలు ఎవరికి ఇవ్వవలెనో సంఘము తీర్మానించవలెను. ఇందులో నొక చిక్కు కలదు. ఏ కులమువారు సంఘములో సభ్యులు, ఎవరు కారు అను వివాదములు మన జిల్లాలో అనేక చెరువులమీద నున్నవి. సభ్యులు కానివారును, కొండవైపు వాగులలో చేప పట్టు గోండులును కోలాములును ఎరిగిన సంగతులు సంఘపు పుస్తకములోనికి రావు. గ్రంథాలయము ఏ కులపుదియు కాదు గనుక వారు ఇచ్చటికి రాగలరు. మనము పిలువవలెను.

ఆ పెద్ద మనుష్యుని యొద్దకు నేను రెండవమారు పోయినప్పుడు కాగితములు తీసికొనిపోలేదు. గుత్తను గూర్చి ఆయన అడిగిన దానికి, "వ్రాసినది మీ ఊరిలోనే ఉండును, మీరు వద్దన్నచో చింపివేసెదను" అని మాత్రము చెప్పితిని. ఆయన చాలసేపు ఊరకుండి, ఆ చెరువులో బొమ్మిడాయి కనబడక ఎన్ని వానకాలములైనదో వ్రేళ్లతో లెక్కపెట్టి చూపెను. రెండు చేతుల వ్రేళ్లును చాలలేదు.

కార్యవర్గమువారు పఠన మందిరములోని తూర్పు బల్లను ఈ పనికి ఒదిలిపెట్టుటకు దయతో అంగీకరించిరి. వచ్చు మృగశిర కార్తెకు ముందటి ఆదివారము, మొదటి షిఫ్టు వదలిన తరువాత, చెరువు గట్టుమీది చింతచెట్టు క్రింద మొదటి కూడిక జరుగును. వ్రాయుటకు బడి పిల్లలు ఇద్దరు వచ్చెదరు. ముగ్గుపిండి ఎవరైన తీసికొనిరావలెను. చింతగింజలు నేను తెచ్చెదను.